ఇల్లు వాళ్ళది, నేల కంపెనీది: ఒక గని ఇంటి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, చివరి వారం

మంచు కరిగేసరికి సెల్లార్‌లో మడమల దాకా నీళ్ళు చేరాయి. ఉత్తరం గోడ అడుగున రాళ్ళ మధ్య సున్నం మెత్తబడిపోయింది. వేలితో గీకితే ఇసుకలా రాలుతోంది. మోటారు పెట్టి నీళ్ళు తోడేసి, గోడ ఆరడానికి మూడు రోజులు ఆగి, స్టూలు వేసుకుని కూర్చుని తీగ బ్రష్‌తో రాళ్ళు ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టాను.

చదివేవాళ్ళకి ఇల్లు ఎక్కడుందో చెప్పాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి వేలు చాపినట్టు కీవినా అని ఒక ద్వీపకల్పం ఉంది. అక్కడ కాల్యుమెట్ ఊరి పక్కన మా ఇల్లు. కొని రెండేళ్ళయింది. ఇదంతా ఒకప్పుడు రాగి గనుల సీమ. 1910 జనాభా లెక్కల్లో ఈ హోటన్ కౌంటీలో 88,098 మంది ఉన్నారు. ఇప్పుడు 37 వేల చిల్లర. ఊళ్ళో పెద్ద పెద్ద రాతి భవనాలు, చర్చిలు, ఒపెరా థియేటర్ అన్నీ అలాగే ఉన్నాయి. మనుషులే లేరు.

తుడుస్తుంటే ఒక ఎర్ర రాయి బయటపడింది. పల్లీపట్టీలో పల్లీల్లా చిన్న చిన్న గులకలు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టి ఉన్నాయి. టార్చ్ పక్కనుంచి కొడితే ఆ గులకల సందుల్లో పచ్చటి చిలుము కనిపించింది. మేకుతో గీకాను. లోపల రాగి తళుక్కుమంది. ఇక్కడి గనుల్లో రాగి గంధకం లాంటి వాటితో కలిసి ఉండదు, ముద్ద రాగిగానే దొరికేది. రాగి తక్కువగా ఉన్న రాయిని గని బయట గుట్టలుగా పోసేవాళ్ళు. దాన్ని ‘పూర్ రాక్’ అంటారు. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఆ గుట్టల్లోంచి రాయి తెచ్చుకుని పునాదులు వేసుకున్నారు. అంటే ఈ పునాది గనిలోంచి వచ్చింది. ఎవరు తెచ్చారు, ఎప్పుడు పేర్చారు? కొన్నప్పుడు మాకిచ్చిన కాగితాల్లో కట్టిన సంవత్సరం 1940 అని ఉంది. అది తప్పని గోడ చూస్తేనే తెలుస్తోంది.

రాత్రి నాయినకి వీడియో కాల్ చేసి రాయి చూపించాను. ఆయన సింగరేణిలో ముప్పై రెండేళ్ళు చేశారు. మేం పెరిగింది కొత్తగూడెం దగ్గర రుద్రంపూర్ కంపెనీ క్వార్టర్‌లో. రాయి వంక చాలాసేపు చూసి, “బాయిల రాయే. ఇల్లు కట్టుకున్నోడిదా, కంపెనీదా?” అన్నారు. మా వైపు గనిని బాయి అంటారు. గని వాడు అడిగే మొదటి ప్రశ్న అదే మరి.

ఆ ప్రశ్నకి జవాబు వెతకాలని ఈ డైరీ.

మే, రెండో వారం

సెలవు పెట్టి హోటన్‌లో కౌంటీ కోర్టు భవనానికి వెళ్ళాను. మన రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది ఇక్కడ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్. మన ఊళ్ళో ఇల్లు కొనేముందు ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోతాం కదా, ఇక్కడా అదే పని. తేడా ఏంటంటే పాత ఇండెక్సులు మనిషి పేరు మీద నడుస్తాయి. అమ్మినవాళ్ళకి ఒక పుస్తకం, కొన్నవాళ్ళకి ఒక పుస్తకం. మనకి అమ్మినవాళ్ళ పేరు కొన్నవాళ్ళ పుస్తకంలో వెతికితే వాళ్ళకి అమ్మింది ఎవరో తెలుస్తుంది. ఆ పేరు మళ్ళీ వెతకాలి. అలా మెట్టు మెట్టుగా దిగాలి. ప్రతి డీడ్‌కీ ఒక పుస్తకం నంబరు, ఒక పేజీ నంబరు ఉంటాయి. పుస్తకాన్ని వీళ్ళు ఇప్పటికీ లాటిన్ మాటతో ‘లీబర్’ అంటారు. ఒక్కోటి తలగడంత బరువు.

నాలుగు మెట్లు దిగాను. మాకు అమ్మిన జంట. వాళ్ళకి అమ్మింది ఒక పెద్దావిడ, 1980ల్లో. ఆమెకి ఇల్లు వాళ్ళ అమ్మ నుంచి 1960ల్లో వచ్చింది. ఆ అమ్మకి 1950ల్లో కాల్యుమెట్ అండ్ హెక్లా కంపెనీ నుంచి. అంతే. దాని కింద ఇంకెవరి పేరూ లేదు. అంతకు ముందంతా కంపెనీయే.

(కుటుంబం పేరు రాయను. ఎందుకో తర్వాత చెప్తాను.)

ఆ కంపెనీ సంగతి కొంచెం చెప్పాలి. 1864లో ఎడ్విన్ హల్బర్ట్ అనే సర్వేయరు ఇక్కడ రాగి పొర కనిపెట్టాడు. 1871లో గనులన్నీ కలిసి కాల్యుమెట్ అండ్ హెక్లా అయ్యాయి. ఆ దశాబ్దంలో అమెరికా తీసిన రాగిలో సగం దాకా ఈ ఒక్క కంపెనీదే. హల్బర్ట్ నేల కొన్నది ఒక కాలువ కంపెనీ దగ్గర. సుపీరియర్ సరస్సులోకి ఓడలు వెళ్ళే సూ కాలువ తవ్వినందుకు ప్రభుత్వం ఆ కంపెనీకి ఏడున్నర లక్షల ఎకరాలు రాసిచ్చింది. ప్రభుత్వానికి ఆ నేల వచ్చింది 1842 లా పాయింట్ ఒప్పందంలో, ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగల నుంచి. ఒక్క ఇంటి లింకు డాక్యుమెంట్లు పట్టుకుని దిగితే చివరికి తేలేది అక్కడే. లీబర్లలో మాత్రం ఒజిబ్వేల పేర్లు కనపడవు. అమ్మినవాళ్ళ పుస్తకం ప్రభుత్వంతోనే మొదలవుతుంది.

1950ల డీడ్‌లో ఒక వాక్యం నన్ను ఆపేసింది. ఇంటి స్థలం ఇస్తున్నాం కానీ కింద ఉన్న ఖనిజమంతా కంపెనీదే, దాన్ని తవ్వుకునే హక్కు కూడా కంపెనీదే అని ఉంది. ఇంకో సంగతి. ఆ డీడ్‌లో ‘స్థలం’ అనే ఉంది. ‘ఇల్లు’ అన్న మాటే లేదు. ఇల్లు అమ్మకపోతే మరి ఇల్లు ఎవరిది?

జూన్ మొదటి వారం

ఉత్తరం వైపు మేడగది గోడ తెరిచాను. కింది నుంచి చెమ్మ పైకి పాకిందేమోనని అనుమానం. ఇలాంటి ఇళ్ళలో గోడంటే సన్నని చెక్క బద్దలు అడ్డంగా కొట్టి, వాటి మీద గుర్రపు వెంట్రుకలు కలిపిన సున్నపు పూత. 1978కి ముందు ఇళ్ళ రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి మాస్క్ పెట్టుకుని, తడి గుడ్డ కప్పి, మెల్లగా విప్పాలి. తొందరపడి గొడ్డలి ఎత్తకూడదు. మేకులు గుండ్రటి తీగ మేకులు. పాత చదరపు మేకులు కాదు కాబట్టి ఈ గోడ 1890లకి తర్వాతదే అనుకోవచ్చు.

బద్దల వెనక చలి రాకుండా న్యూస్‌పేపర్లు కుక్కారు. ఇంగ్లీషు కాదు. అక్షరాల మీద జంట చుక్కలు, ఒకే అచ్చు రెండుసార్లు, పొడుగాటి మాటలు. ఫిన్నిష్. ఎక్కువ భాగం చేయి తగలగానే పొడిపొడి అయిపోయింది. అరచేతి వెడల్పున్న ఒక ముక్క మాత్రం బద్దకి అతుక్కుని దక్కింది. పైన పేపరు పేరు సగం, దాని కింద ‘హాంకాక్, మిష్.’ అని ఉన్నాయి. తేదీ చిరిగిపోయింది.

కానీ తేదీ లేకపోయినా ఫర్వాలేదు. పేరులో మిగిలిన అక్షరాలు ‘త్యూమియెస్’వి. కార్మికుడు అని అర్థం. ఫిన్లాండ్ నుంచి వచ్చిన సోషలిస్టుల పత్రిక. అది ఈ కౌంటీలోనే ఉన్న హాంకాక్‌లో అచ్చయింది 1904 నుంచి 1914 వరకే. తర్వాత విస్కాన్సిన్‌లో సుపీరియర్ అనే ఊరికి వెళ్ళిపోయింది. అంటే ఈ ముక్క ఆ పదేళ్ళలోది. గోడ కూడా ఇంచుమించు అప్పటిదే. కాగితాల మీద 1940 అని రాసిన ఇంటికి ఒక చిరిగిన ముక్క ముప్పై ఏళ్ళ వయసు పెంచింది.

ముక్కని రెండు గాజు పలకల మధ్య పెట్టి బీరువాలో దాచాను. ఈ పత్రిక ఇంట్లో ఉండటమే ఆ రోజుల్లో కంపెనీకి నచ్చని విషయం. చలికోసమే గోడలో పెట్టారా, ఇంకెందుకైనా పెట్టారా అన్న ఆలోచన ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

జూన్ చివర

మూడు వారాలు తప్పు మనిషి వెంట తిరిగాను.

1950ల డీడ్‌లో ఉన్న ఇంటిపేరు పట్టుకుని జనాభా లెక్కల్లో వెతికితే ఆ చుట్టుపక్కలే పదకొండు కుటుంబాలు. ఫిన్నిష్ ఇంటిపేర్ల కథ తెలిశాక కారణం అర్థమైంది. వాళ్ళ పశ్చిమ సీమలో మనిషికి పేరు ఉండే పొలం నుంచి, ఇంటి నుంచి వచ్చేది. పొలం మారితే పేరు మారేది. మనం ‘ఇంటిపేరు’ అంటాం కదా, వాళ్ళది అక్షరాలా ఇంటి పేరే. అమెరికా వచ్చాక ఆ పొడవైన పేర్లు గని గుమస్తాల నోరు తిరగక పొట్టివైపోయాయి. కొండ అని అర్థమొచ్చే మాకి, కొస అని అర్థమొచ్చే నియెమి, సరస్సు అని అర్థమొచ్చే యార్వి. ఊరి సగం మంది మాకిలే. పైగా జంట చుక్కలు పోతాయి, వాటితో పాటు పలుకుబడీ పోతుంది. మా ఇంటి కుటుంబం పేరు నాకు దొరికిన కాగితాల్లో అయిదు రకాలుగా ఉంది.

నేను పట్టుకున్న మొదటి మనిషి పక్క ఊరు లోరియంలో బార్బరు. పెళ్ళాం పేరు కలిసింది, వయసు దగ్గరగా ఉంది, అంతే అనుకున్నాను. తీరా చూస్తే ఆయన 1912లోనే ఒరెగాన్ వెళ్ళిపోయాడు. ఆ నోట్సంతా కొట్టేసి, ఈసారి పేరు వదిలేసి వీధి పట్టుకున్నాను. లెక్కలవాడు ఇళ్ళ వరసలో నడుచుకుంటూ పోతాడు. పక్కిళ్ళ వాళ్ళు ఎవరో డీడ్లలో దొరికారు కాబట్టి వాళ్ళ పేర్ల మధ్య ఏ ఇల్లుందో చూశాను. అక్కడ దొరికింది.

1910 లెక్కల పుటలో ఒకే కుటుంబం, ఆరు వరసలు. భర్త 32 ఏళ్ళు, అమెరికా వచ్చింది 1902, పుట్టిన దేశం రష్యా. ఫిన్లాండ్ అప్పటికి రష్యా జారు చేతిలో ఉంది, 1917 డిసెంబరులో గానీ స్వతంత్రం రాలేదు. 1901లో జారు కొత్త సైనిక చట్టం తెచ్చాక రష్యా సైన్యంలోకి పోవడం ఇష్టంలేక పడుచువాళ్ళు వేలమంది హాంకో రేవులో ఓడెక్కి ఇంగ్లండులో హల్ చేరి, రైల్లో లివర్‌పూల్ వెళ్ళి, అక్కణ్ణుంచి అట్లాంటిక్ దాటారు. ఈయనా ఆ వరసలోనే వచ్చి ఉంటాడు.

పని అన్న చోట ‘ట్రామర్, రాగి గని’ అని ఉంది.

భార్య వరసలో రెండు చిన్న అంకెలున్నాయి. కన్న పిల్లలు 5, బతికున్న పిల్లలు 3. ఆ రెండు గడులూ 1900, 1910 లెక్కల్లో ప్రతి పెళ్ళయిన ఆడమనిషికీ ఉన్నాయి. ప్రభుత్వానికి అది లెక్క. నాకు మాత్రం పేజీ తిప్పాలనిపించలేదు.

ఇంటి గడిలో ‘ఓ’, దాని పక్కన ‘ఎఫ్’. ఓ అంటే సొంతం, ఎఫ్ అంటే అప్పు లేదు. 1910లోనే సొంత ఇల్లు, తాకట్టు కూడా లేని ఇల్లు! కానీ కోర్టు పుస్తకాల్లో 1950ల దాకా వాళ్ళ పేరే లేదు.

ఆరో వరస మనిషి భర్త కంటే చిన్నవాడు, ఇంటిపేరు వేరు. సంబంధం దగ్గర ‘బ్రదర్ ఇన్ లా’ అని రాశారు. ఇంగ్లీషులో ఆ మాట చూసి నాకు చిరాకేసింది. బావమరిదా, బావా, తోడల్లుడా? మన దగ్గర ఒక్క మాటతో తేలిపోయేది తేల్చుకోవడానికి నేను చర్చి పెళ్ళి రిజిస్టరు కాపీ తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆమె పుట్టింటి పేరూ అతని పేరూ ఒకటే. బావమరిది.

జూలై

సెల్లార్ పని మధ్యలో ఆగకుండా చూసుకుంటున్నాను. పాత సున్నం రెండంగుళాల లోతు దాకా గీకి తీసేసి, నీళ్ళు చల్లి, కొత్త సున్నం-ఇసుక ముద్ద నొక్కి పెట్టాలి. పోర్ట్‌లాండ్ సిమెంటు పెడితే పని తొందరగా అవుతుంది గానీ రాయి లోపలి చెమ్మ బయటికి పోలేక గోడే పగులుతుంది. ఇంతకుముందు ఎవరో ఒక మూల సిమెంటు కొట్టారు, అక్కడే రాళ్ళు పొరలు లేచాయి. రోజుకి రెండు చదరపు గజాలు అవుతోంది. తడి గోనె పట్టా కప్పి ఉంచుతున్నాను.

ఆగస్టు, రెండో వారం

ఈ నెల దొరికినంత ఇంకెప్పుడూ దొరకలేదు.

మిషిగన్ టెక్ యూనివర్సిటీ లైబ్రరీలో గనుల కంపెనీల పాత రికార్డులు ఉన్నాయి. 1885లో గనుల స్కూలుగా మొదలైన కాలేజీ అది. కాల్యుమెట్ అండ్ హెక్లా ఉద్యోగుల కార్డులు కూడా అక్కడే. ముందే రాస్తే పెట్టె తీసి ఉంచారు. చేతులు కడుక్కుని, పెన్ను బయట పెట్టి, పెన్సిలుతో కూర్చోవాలి.

కార్డు అట్టముక్కంత ఉంది. పేరు (మళ్ళీ ఇంకో స్పెల్లింగు), జాతి: ఫిన్, పెళ్ళయింది, పని: ట్రామర్. ట్రామర్ అంటే రాయి నింపిన టబ్బుని పట్టాల మీద నెట్టేవాడు. తక్కువ జీతం, నడుములు విరిగే పని. ఇంగ్లండులో కార్న్‌వాల్ నుంచి వచ్చిన కార్నిష్ వాళ్ళు తరతరాల గని పని తెలిసినవాళ్ళు కాబట్టి డ్రిల్లు మీద, మేస్త్రీలుగా ఉండేవాళ్ళు. ఫిన్లు, క్రొయేషియన్లు, ఇటాలియన్లు టబ్బులు నెట్టేవాళ్ళు.

ఫోన్‌లో నాయినకి కార్డు ఫొటో పెట్టాను. ఆయన ఇంగ్లీషు పెద్దగా చదవరు గానీ ఆ ఒక్క మాట గుర్తుపట్టారు. “ట్రామర్. నా జీతం చీటీ మీద గూడ ఇదే ఉండె గదరా, మొదటేమో బదిలీ ఫిల్లరు, తర్వాత ట్రామరు. టబ్బు బోల్తా పడితే ఎత్తేది నలుగురం” అన్నారు. తర్వాత కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

కార్డు మీద ఆఖరి తేదీ 1913 జూలై. మళ్ళీ చేరినట్టు లేదు.

1913 జూలై 23న ఇక్కడి గనులన్నిట్లో సమ్మె మొదలైంది. ఇద్దరు పట్టుకునే డ్రిల్లు తీసేసి ఒక్కడే నడిపే డ్రిల్లు పెట్టారు. చీకట్లో ఒక్కడే ఉంటే దెబ్బ తగిలినా చూసేవాడుండడని కార్మికులు దాన్ని విధవల్ని చేసే యంత్రం అన్నారు. ఎనిమిది గంటల పని, రోజుకి మూడు డాలర్లు, యూనియన్‌కి గుర్తింపు వాళ్ళ కోరికలు. జేమ్స్ మెక్‌నాటన్ అప్పటి జనరల్ మేనేజరు, యూనియన్‌తో మాట్లాడనే లేదు. ఆ ఏడు డిసెంబరు 24న కార్మికుల పిల్లలకి ఇటాలియన్ హాల్లో పండగ పెట్టారు. మేడ మీద హాలు నిండా జనం. ఎవరో ‘నిప్పు’ అని అరిచారు. నిప్పు లేదు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు, 59 మంది పిల్లలు. ఎక్కువమంది ఫిన్నులే. హాలుని 1984లో పడగొట్టారు. గుమ్మం పైన రాతి కమాను ఒక్కటే అక్కడ నిలబెట్టి ఉంచారు. మా ఇంటి నుంచి కారులో అయిదు నిమిషాలు.

ఆ 73 పేర్లూ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. మా ఇంటి పిల్లల పేర్లు లేవు. ఊపిరి పీల్చుకున్నాను. మిగతా పేర్లు ఇంకెవరి ఇళ్ళవో అన్నది మరుక్షణం గుర్తొచ్చింది.

1914 ఏప్రిల్లో సమ్మె ముగిసింది. యూనియన్ కార్డు తిరిగి ఇచ్చేస్తేనే పనిలోకి. ఇవ్వనివాళ్ళకి గని గేటు మూసేశారు. చాలామంది ఫిన్లు అడవి కొట్టేసిన బీడు భూముల్లోకి, కలప క్యాంపులకి వెళ్ళిపోయారు.

మర్నాడు రెండో పెట్టె అడిగాను. స్థలాల అద్దె రిజిస్టరు. జవాబు దీంట్లో ఉంది. ఇక్కడ కంపెనీ ఇళ్ళు కట్టి అద్దెకిచ్చేది. దానితో పాటు ఖాళీ స్థలం అద్దెకిచ్చి, దాని మీద కార్మికుడు తన డబ్బుతో ఇల్లు కట్టుకోనిచ్చేది. ఇల్లు అతనిది, నేల కంపెనీది. పని మానేస్తే, లేదా కంపెనీకి స్థలం కావలసి వస్తే, ఇల్లు ఎత్తుకుపోవాలి. ఇల్లు ఎత్తుకుపోవడం ఎలా? చలికాలంలో దుంగల మీద పెట్టి గుర్రాలతో లాగినవాళ్ళు ఉన్నారు. చాలామంది అయినకాడికి అమ్ముకునేవాళ్ళు. సమ్మె చేయాలంటే ముందు ఇల్లు గుర్తొచ్చేది. లెక్కలవాడు ‘సొంతం’ అని రాసింది అబద్ధం కాదు. కోర్టు పుస్తకంలో పేరు లేకపోవడమూ అబద్ధం కాదు.

మా స్థలం నంబరు దగ్గర భర్త పేరు ఉంది. దాని మీద ఎర్ర సిరా గీత. పైన సన్నగా ఇంకో పేరు. 1914. బావమరిది పేరు.

ఇల్లు అమ్మేశాడనుకున్నాను. గుండె జారిపోయింది.

ఆగస్టు చివర

అమ్మలేదు. 1920 లెక్కల్లో అదే ఇల్లు, అదే భర్త ఇంటి యజమానిగా, అదే భార్య, నలుగురు పిల్లలు, బావమరిది. 1918 సెప్టెంబరు 12న అప్పటికి నమోదు కాని 18 నుంచి 45 ఏళ్ళ మగవాళ్ళందరూ సైన్యం కోసం పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. ఆ కార్డు మీద ఈయన పని ‘కలప క్యాంపు’, చిరునామా మాత్రం మన ఇల్లే. అంటే భర్త అడవిలో, బావమరిది గనిలో. గనిలో ఉన్నవాడి పేరు మీద స్థలం ఉంటే ఇంటిని ఎవరూ కదిలించరు. నా ఊహ అది. రుజువు చేసే కాగితం లేదు.

దీన్ని కూడా నాయినకి చెప్పాను. ఆయనకి అందులో వింత ఏం కనపడలేదు. ఇల్లందులో మా పెద్దనాయిన కూడా సింగరేణి లీజు భూమిలోనే ఇల్లు కట్టుకున్నాడు. 1889లో మొదటి బొగ్గు తవ్విన ఊరు అది. యాభై ఏళ్ళు ఇంటి పన్ను కట్టాడు, కరెంటు బిల్లు కట్టాడు, పట్టా మాత్రం లేదు. జీవో 76 కింద క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టేదాకా ఆ నేల ఆయనదని చెప్పే కాగితం ఒక్కటీ ఇంట్లో లేదు. మేం అయితే క్వార్టర్‌లో ఉన్నాం. నాయిన రిటైరైన నెలకి అమ్మ పెంచిన మామిడి చెట్టుతో సహా తాళాలు ఇచ్చేసి వచ్చాం.

సెప్టెంబరు మూడో శనివారం

పక్కింటి పెద్దాయన ద్వారా ఆ కుటుంబం మనవరాలి నంబరు దొరికింది. ఎనభై దాటిన పెద్దావిడ, ఇప్పుడు మినెసోటాలో ఉంటారు. కొడుకు కారులో తీసుకొచ్చాడు. ఆమె చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు ఇదే ఇంట్లో అమ్మమ్మ దగ్గర పెరిగారట. అమ్మమ్మని ‘ముమ్ము’ అంటారు.

ముందు పెరట్లోకి నడిచారు. అక్కడ మేం సామాన్లు పెట్టుకునే చిన్న చెక్క గది ఉంది. “ఇది సౌనా, ఆవిరి స్నానాల గది. మా అమ్మ ఇక్కడే పుట్టింది. ఫిన్నిష్ ఆడవాళ్ళు కాన్పుకి సౌనాలోకే వెళ్ళేవాళ్ళు, వెచ్చగా, శుభ్రంగా ఉండే చోటు అదొక్కటే కదా. శనివారం సాయంత్రం వీధి వీధంతా పొగ” అన్నారు. మేం అందులో పెయింటు డబ్బాలు పెట్టాం. ఆమె వెళ్ళగానే ఖాళీ చేశాను.

ఎర్ర సిరా గీత ఫొటో చూపించాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని చూసి, తల ఊపారు. “అమ్మకం కాదు. తాతయ్య యూనియన్ కార్డు వాపసు ఇవ్వలేదు. ముమ్ము తన తమ్ముణ్ణి గనికి పంపింది. వెళ్ళనని ఏడ్చాడట. ఇల్లు నిలబెట్టింది ఆయన. పెళ్ళి చేసుకోలేదు. ఉత్తరం మేడగది ఆయనదే” అన్నారు.

పేపరు దొరికింది ఆ గది గోడలోనే. గాజు పలకలు తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె ఆ ముక్కని చదవడానికి ప్రయత్నించి, ఒక మాట దగ్గర ఆగి, పెదాలు కదిపి, మళ్ళీ నాకిచ్చేశారు. అందులో ఏముందని నేను అడగలేదు.

ఆమె తెచ్చినది ఒక్కటే. ముమ్ము కీర్తనల పుస్తకంలోంచి ఒక రశీదు. స్థలం అద్దె, ఏడాదికి 5 డాలర్లు, బావమరిది పేరు మీద. ఏటా ఆయన కట్టి, రశీదు అక్క చేతికిచ్చేవాడట. ఆమె పుస్తకంలో పెట్టేది. ఆయన పోయాక, భర్త కూడా పోయాక, కంపెనీ స్థలాన్ని ఆమెకి అమ్మింది. అదే నేను చూసిన 1950ల డీడ్. ఇల్లు అన్న మాట అందులో ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. కంపెనీ దగ్గర అమ్మడానికి ఇల్లు ఎప్పుడూ లేదు.

పేర్లు బయట పెట్టవద్దని ఆమె కోరారు. “మా వాళ్ళు ఇప్పటికీ సమ్మె గురించి రెండు పక్షాలుగా ఉన్నారు” అన్నారు. అందుకే ఎక్కడా రాయలేదు.

అక్టోబరు మొదటి వారం

కోర్టుకి ఇంకోసారి వెళ్ళాను, 1960ల డీడ్ మళ్ళీ చూడటానికి. ముమ్ము కూతురికి ఇల్లు రాసిచ్చిన డీడ్ అది. మనవాళ్ళు సెటిల్‌మెంట్ దస్తావేజులో ‘నా జీవితకాలం నేనే అనుభవించుకునేటట్టు’ అని రాయిస్తారే, అదే షరతు. బతికున్నంతకాలం ఇల్లు ఆమెదే. పాత లీబర్లన్నీ గుమస్తా చేతిరాత, సంతకాలు కూడా అతనే రాసేవాడు. ఇది ఫొటో కాపీ కాబట్టి ఆమె సొంత సంతకం ఉంది.

ఓపిగ్గా, కొంచెం వణుకుతో, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టింది. ఇంటిపేరులో రెండు ‘ఎ’లు ఉన్నాయి. ఓడ దిగిన రోజు నుంచీ ప్రతి కాగితమూ వాటి మీద చుక్కలు ఎగరగొట్టింది. లెక్కల పుట, గని కార్డు, అద్దె రిజిస్టరు, పైన టైపు చేసిన ఆ డీడ్ కూడా. కింద ఆమె మాత్రం రెండు అక్షరాల మీదా నాలుగు చుక్కలూ పెట్టింది. ఆఖరి చుక్క దగ్గర పెన్ను గట్టిగా నొక్కుకుని సిరా కాస్త పాకింది.

ఆ పేజీ కాపీ, రశీదు ఫొటో, కార్డు, పేపరు ముక్క, ఎర్ర గీత పేజీ అన్నీ రెండు ఫైళ్ళుగా పెట్టాను. ఒకటి పెద్దావిడకి పోస్టు చేశాను. ఒకటి ఇంట్లోనే ఉంటుంది, మా తర్వాత ఈ ఇల్లు కొనేవాళ్ళకి. సౌనా తలుపు పైన ఒక దేవదారు చెక్క మీద ఆ ఇంటిపేరు చెక్కుతున్నాను. ఫిన్నిష్‌లో ఎలా రాయాలో అలాగే.

అక్టోబరు, మూడో వారం

నిన్న రాత్రి మొదటి మంచు. ఇక్కడ ఒక చలికాలం, 1978-79లో, 390 అంగుళాల మంచు పడిందని రోడ్డు పక్కన పెద్ద కొలబద్ద నిలబెట్టారు. ఈ చలికి సున్నం గట్టిపడదు, పెట్టినా గడ్డకట్టి రాలిపోతుంది. ఇంకా నాలుగడుగుల గోడ మిగిలింది. సంచులు మూతి కట్టి అటక మీద పెట్టాను.

నాయిన ఫోన్ చేసి పెద్దనాయిన దరఖాస్తు మీద సర్వే వాళ్ళు వచ్చి కొలిచి వెళ్ళారని చెప్పారు. తర్వాత గోడ చూపించమన్నారు. మిగతా రాళ్ళ మధ్య సందులన్నీ కొత్త సున్నంతో తెల్లగా ఉన్నాయి. ఆ ఎర్ర రాయి మీద మాత్రం పూత పెట్టలేదు.